దస్తగిరి తీసేసిన మూడు ప్రశ్నలు

రియాద్ శివార్లలో, సులై గోదాముల మధ్య ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఉండేది. ఏసీలకు, పైపులకు, కరెంటు పనులకు మనుషుల్ని పంపే కంపెనీ. పదకొండు వందల మంది పనివాళ్ళు, నాలుగు క్యాంపులు, ఒక ఆఫీసు. ఆ ఆఫీసులో కంప్యూటర్ల పనంతా ఒంటిచేత్తో చూసినవాడు దస్తగిరి. రాయచోటి మనిషి. 2010లో వచ్చి చేరాడు, 2018 ఏప్రిల్‌లో బయటపడ్డాడు. బయటపడడానికి ఏం చేశాడో ఆఫీసులో ఇద్దరికి తెలుసు, ఆఫీసు బయట ఒకడికి తెలుసు.

చేరిన రెండో ఏడాది అతను ఒక తప్పు చేశాడు. ఒకరోజు సర్వర్ మొరాయిస్తే, కంపెనీ కొన్న బ్యాకప్ ప్రోగ్రాం తెరిచాడు. వారం కిందటి కాపీ ఒకసారి చూద్దామనుకున్నాడు. అది ఇంగ్లీషులో ఏదో అడిగింది. 'అవును' అన్న గడి ముందే వెలుగుతోంది. ఎంటర్ నొక్కాడు. వారం కిందటి కాపీ వచ్చి ఇవాల్టి డేటా మీద కూర్చుంది. అప్పటికున్న ఆరు వందల మంది వారం రోజుల హాజరు పోయింది.

చేతిలో నోటుబుక్కు పట్టుకుని పదకొండు రోజులు క్యాంపులన్నీ తిరిగాడు. డ్యూటీ దిగి, మంచాల మీద కూలబడి ఉన్న మనుషుల్ని లేపి, ఏ రోజు ఎక్కడ పనిచేశావని అడిగాడు. కొందరు కసిరారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ అంజన్న మాత్రం స్టూలు తెచ్చి పక్కనే కూర్చున్నాడు. ఎవరు ఏ బండెక్కి ఎక్కడికి పోయారో అతనికి జ్ఞాపకం.

"నీ డబ్బ మర్శిపోయింది గని, మేం మర్శిపోతమా భాయ్," అన్నాడు అంజన్న. "రాస్కో. మంగళారం పోశెట్టి మలజ్‌ల ఉండె. బాత్రూం పైపు పల్గితే నిలువెల్ల తడిశిండు. ఆ కంపుతోటి బండెక్కిండని అందరం దిగినం. మర్శిపోయే ముచ్చటనా అది?"

పదకొండు రోజులూ డ్యూటీ దిగాక వచ్చి కూర్చున్నాడు. ఆ లెక్క పూర్తయ్యాక దస్తగిరి కొన్న ప్రోగ్రాంను పక్కన పడేసి సొంతంగా ఒకటి రాసుకున్నాడు.

దాని వెనక అతనికి ఒక ఆలోచన ఉంది. బ్యాకప్ తీసేవాడు నిదానంగా ఉంటాడు. రీస్టోర్ చేసేవాడు భయంలో ఉంటాడు. ఏదో పాడైంది, పైవాడు అరుస్తున్నాడు, ఫోన్లు మోగుతున్నాయి. భయపడ్డవాడు తెరమీద ఏముందో చదవడు, చెయ్యి ఎంటర్ మీదికి పోతుంది. కాబట్టి ఎంటర్ నొక్కితే ఏమీ జరగకూడదు. జరగాలంటే మనిషి ఆగి, చదివి, ఏదో ఒకటి తన చేత్తో రాయాలి.

అందుకని మూడు ప్రశ్నలు పెట్టాడు. ఏ తేదీ కాపీ కావాలి? తేదీని అంకెల్లో కొట్టాలి, జాబితాలోంచి ఎంచుకోవడం కుదరదు. పాత కాపీని పక్కన వేరే పేరుతో పెట్టాలా, ఇప్పుడున్న దాని మీదే రాయాలా? ఏమీ చెప్పకపోతే పక్కనే పెడుతుంది, ఉన్నదాన్ని ముట్టుకోదు. మీద రాయమంటే మూడోది వస్తుంది. ఇప్పుడున్న దాంట్లో ఇన్ని వరుసలు, చివరిది ఫలానా తేదీది, తెస్తున్న దాంట్లో ఇన్ని, చివరిది ఫలానా తేదీది, తెలిసే చేస్తున్నావా? తెలిసే చేస్తున్నానంటే డేటాబేస్ పేరు పూర్తిగా టైపు చేయాలి.

అడ్మిన్ మేనేజరు ఖలందర్‌కు ఇది నచ్చలేదు. ఖలందర్‌ది కర్నూలు. కోపం వస్తే ఉర్దూలోకి వెళతాడు, మనతో పనిపడితే తెలుగులోకి దిగుతాడు.

"ఇది రీస్టోరా, పెళ్ళిచూపులా దస్తగిరీ? పేరేంది, ఊరేంది, పుట్టిన తేదీ ఏంది అంటాదే," అనేవాడు నలుగురిలో.

"పెళ్ళిచూపుల్లో ఆ మాత్రం అడక్కపోతే తర్వాత ఏడ్సేది మనమే కదా సాబ్," అనేవాడు దస్తగిరి.

అందరూ నవ్వేవారు. ఏడేళ్ళలో ఆ ప్రోగ్రాం ఒక్క వరుస కూడా పోగొట్టలేదు. పోగొట్టని పనికి ఎవరూ మెచ్చుకోరు. దస్తగిరి అది ఆశించలేదు కూడా.

2016లో కంపెనీ నితాఖత్ లెక్కలో ఎర్రగీతలోకి జారింది. ఉండాల్సినంత మంది సౌదీలు లేరు. ఎర్రగీతలో ఉన్న కంపెనీ నుంచి పనివాడు యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీకి ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, మార్చుకోవచ్చు. ఖర్జ్‌లోని ఒక పాల కంపెనీ దస్తగిరిని అప్పుడే పిలిచింది. ఖలందర్ తెలుగులోకి దిగాడు.

"ఈ ఒక్క సంవత్సరం ఉండబ్బా. నువ్వు పోతే ఈ సర్వర్ ముందర నేను నమాజు చేసుకుంటా కూర్చోవాల. నీకు రిలీజ్ ఇప్పించే పూచీ నాది."

దస్తగిరి ఉండిపోయాడు. కంపెనీ సౌదీల్ని పెట్టుకుంది. కొందరు కాగితం మీదే ఉన్నారు, నెలకోసారి జీతం అందుకుంటారు, ఆఫీసు ఎక్కడో కూడా తెలియదు. ఏడాది తిరక్కముందే కంపెనీ ఆకుపచ్చలోకి వచ్చింది. దాంతో దస్తగిరి ఎవరినీ అడక్కుండా పోగలిగిన దారి మూసుకుపోయింది. ఇక కఫీల్, అంటే యజమాని, ఒప్పుకుంటేనే రిలీజ్.

2017 ఎండాకాలం నుంచే విదేశీయుల కుటుంబాల మీద సర్కారు లెవీ మొదలైంది. భార్యకింత, బిడ్డకింత, ఏటేటా పెరిగేది. దస్తగిరి ఉన్న బిల్డింగులో పదహారు తెలుగు కుటుంబాలుండేవి, డిసెంబరుకి అయిదు మిగిలాయి. అతని భార్య రేష్మా పొరుగు ఇళ్ళవాళ్ళు వదిలేసిన కుక్కర్లూ పూలకుండీలూ తెచ్చి పెట్టుకునేది. ఒకరోజు తెచ్చిన కుండీని తిరిగి మెట్ల మీదే పెట్టేసింది.

"రేపు మనవి ఎవరు తీసుకుంటారు?" అంది.

జనవరిలో ఖర్జ్ కంపెనీ మళ్ళీ పిలిచింది. కుటుంబం లెవీ తామే కడతామంది. ఏప్రిల్ నెలాఖరులోగా రిలీజ్ తేవాలంది. అది రాకపోతే దస్తగిరికి ఫైనల్ ఎగ్జిటే, ఇంటిల్లిపాదీ ఊరికి తిరిగి పోవడమే. ఇక్కడ సులైలో అతను చూసే పనిని సౌదీలకే ఇవ్వాలని కంపెనీ తీర్మానించింది, ఆ మనిషి అప్పటికే వచ్చి కూర్చుంది కూడా.

ఆమె పేరు హెస్సా. ముప్పై దాటిన మనిషి, కంప్యూటర్లు చదువుకుంది. ఇంట్లోనే ఉండు, జీతం పంపుతాం అన్నారట చేరేటప్పుడు. నేను వస్తాను అందట. సెప్టెంబరులో ఆమె కోసం కొత్త కంప్యూటరు తెచ్చారు. అమ్మినవాళ్ళు దాన్ని అరబ్బీలోనే అమర్చి ఇచ్చారు. అప్పగింత త్వరగా కావాలని ఖలందర్ రాత్రి బ్యాకప్ పనిని ఆ కొత్తదాని మీదికి మార్పించాడు. దస్తగిరి మార్చాడు. రోజూ పొద్దున 'బ్యాకప్ విజయవంతం' అని మెయిల్ వచ్చేది. అతను చూసి మూసేసేవాడు.

ఫిబ్రవరిలో రిలీజ్ గురించి అడగడానికి వెళితే ఖలందర్ కుర్చీ చూపించాడు.

"ఇస్తాం. కానీ కఫీల్ ఏమంటాడంటే, దస్తగిరి పోయినాక ఎవరైనా నడపగలగాల అంటాడు. ఆ ప్రశ్నలు తీసేయ్. ఒక బటన్ పెట్టు. నొక్కితే నిన్నటి కాపీ రావాల, అంతే."

"అది మంచిది కాదు సాబ్. మీద రాసేస్తాది."

"మీద రాయకపోతే రీస్టోర్ ఎట్లయితాది? నీకు రిలీజ్ కావాలా, ప్రశ్నలు కావాలా?"

హెస్సా తనకు ఒక బటన్ కావాలని ఎన్నడూ అడగలేదు. ఆ మూడు ప్రశ్నల్ని ఆమె కాగితం మీద అరబ్బీలో రాసుకుని తన బల్ల మీద అంటించుకుంది కూడా. దస్తగిరి ఒకరోజంతా ఆలోచించాడు. మర్నాడు తీసేశాడు. తీసెయ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. హెస్సా అడిగితే, మేనేజరు తీయమన్నాడని చెప్పాడు. ఆమె ఆ కాగితాన్ని మాత్రం బల్ల మీంచి పీకలేదు.

మార్చి ఇరవై రెండు, గురువారం. దస్తగిరి ఖర్జ్‌లో కొత్త కంపెనీకి కాగితాలివ్వడానికి వెళ్ళాడు. హెస్సా మూడింటికి వెళ్ళిపోయింది. నాలుగింటికి ఒక గుమాస్తా ఫిబ్రవరి షీటును మార్చి నెల హాజరు మీద ఎక్కించేశాడు. ఖలందర్ తిట్టి, నిన్నటి కాపీ తెస్తే సరిపోతుందని కొత్త బటన్ తెరిచాడు. ఎంటర్ నొక్కాడు. 'రీస్టోర్ విజయవంతం' అని వచ్చింది. లైట్లార్పి ఇంటికి వెళ్ళాడు.

వచ్చింది నిన్నటి కాపీ కాదు. ఆరు నెలల కిందటిది.

ఎందుకలా జరిగిందో తర్వాత హెస్సా కనిపెట్టింది. దస్తగిరి ప్రోగ్రాం ప్రతి కాపీకీ ఆనాటి తేదీనే పేరుగా పెడుతుంది. పెద్ద అంకె ఉన్నదే కొత్తది అనుకుంటుంది. ముప్పై కాపీలు ఉంచి, ఆపైన చిన్న అంకె ఉన్నదాన్ని పాతదని చెరిపేస్తుంది. పాత కంప్యూటరు ఇంగ్లీషుది, దాని లెక్కలో అది 2017. కొత్తది అరబ్బీది, దాని లెక్కలో అది హిజ్రీ 1439. పద్నాలుగు వందల ముప్పై తొమ్మిది రెండు వేల పదిహేడు కంటే చిన్నది. ప్రోగ్రాం ప్రతి రాత్రీ నమ్మకంగా కొత్త కాపీ తీసింది, అది అన్నిటికంటే పాతదని నమ్మకంగా చెరిపేసింది. తీసినట్టు మెయిల్ పంపింది. చెరిపినట్టు చెప్పమని దానికి ఎవరూ చెప్పలేదు.

దస్తగిరి ఇఖామా గడువు హిజ్రీలో చూసుకుంటాడు, కూతురి స్కూలు సెలవులు ఇంగ్లీషు తేదీల్లో చూసుకుంటాడు. ఎనిమిదేళ్ళు రెండు క్యాలెండర్ల మధ్య బతికినవాడు, యంత్రానికీ రెండు క్యాలెండర్లుంటాయని అనుకోలేదు. ఆ తప్పు అతనిదే. మూడో ప్రశ్న ఉండి ఉంటే ఆ తప్పు గురువారం సాయంత్రమే తెరమీద కనబడేది: తెస్తున్న దాంట్లో చివరి వరుస సెప్టెంబరుది, తెలిసే చేస్తున్నావా అని.

శుక్ర, శని సెలవులయ్యాక, ఆదివారం పొద్దున ఆరింటికి, ఆఫీసు తెరవకముందే, ఇంకో ప్రోగ్రాం తన పని తాను చేసింది. వారంగా హాజరు లేనివాళ్ళ జాబితా తీసి, ప్రభుత్వ ఆఫీసుల పని చూసే మందూబ్‌కు పంపింది. రికార్డు లేనివాడి పేరు ఎదుట 'తెలియదు' అని ఉంచుదామని దస్తగిరి ఒకప్పుడు అన్నాడు. 'గైరుహాజరు' అనే ఉండాలన్నాడు యజమాని. జనవరి నుంచి తల ఒక్కింటికి కంపెనీ కట్టే లెవీ పెరిగింది. లేనివాడి తలకు ఎందుకు కట్టాలి, పారిపోయినట్టు వెంటనే రాయించండి అని హుకుం. పారిపోయినట్టు రాయడాన్నే అక్కడ హురూబ్ అంటారు.

సులై క్యాంపుల్లో వేలిముద్ర యంత్రాలున్నాయి, అవి వారం పది రోజుల హాజరును మళ్ళీ నింపాయి. రియాద్‌కు దూరంగా ఉన్న ఉనైజా క్యాంపులో యంత్రం లేదు, అక్కడి హాజరు కాగితం మీద వస్తుంది. శీతాకాలంలో ఉనైజాకు మార్చిన నలభై మంది, పాత కాపీ ప్రకారం ఇంకా సులైలోనే ఉన్నారు, పనికి రావడం లేదు. మందూబ్ మంచివాడే, శీతాకాలంలో కొందర్ని పంపిన సంగతి గుర్తుండి ఉనైజా ఫోర్‌మాన్‌కు ఫోన్ చేశాడు. ముప్పై తొమ్మిది మంది నా కళ్ళ ముందే ఉన్నారన్నాడు ఫోర్‌మాన్. నలభయ్యోవాడు అతని కింద లేడు. ఖర్జూరాల కోల్డ్ స్టోరేజీలో ఒంటరిగా ఏసీలు చూసుకునే మనిషి. మందూబ్ ఆ ఒక్క పేరు రాశాడు. అంజన్న.

అంజన్నకు మంగళవారం తెలిసింది. సెలవు మీద ఊరికి పోదామని కోల్డ్ స్టోరేజీ గుమాస్తా చేత ఇఖామా నంబరు కొట్టించి చూసుకున్నాడు. దస్తగిరికి ఫోన్ చేశాడు.

"భాయ్, నేను పారిపోయిన్నట. యాడికి పారిపోయిన్నో జర చూసి చెప్పుండ్రి. నాగ్గూడ తెల్వాలె గద."

"నువ్వు నవ్వద్దు అంజన్నా. చూస్తా నేను."

"నవ్వక ఏం జెయ్యాలె? పద్నాలుగేండ్లయింది ఈ దేశంల, పోరగాడొక్కడు నన్ను చూసి దొంగ అనలె."

హురూబ్ రాసినవాడు దొరికితే జైలు, ఆపైన తర్హీల్, అంటే దేశంలోంచి పంపేసే చోటు. మళ్ళీ ఈ దేశం అడుగు పెట్టలేడు. కిందటేడు ఇచ్చిన క్షమాభిక్ష గడువు ఎప్పుడో ముగిసింది. ఒక్క దారి ఉంది. పదిహేను రోజుల్లోపు కంపెనీయే పొరపాటున రాశామని, ఎందుకు పొరపాటు జరిగిందో కాగితం పెట్టి ఒప్పుకుంటే రద్దు చేస్తారు. మార్చి ఇరవై అయిదున రాశారు, గడువు ఏప్రిల్ తొమ్మిది, సోమవారం.

దస్తగిరి ఖలందర్ గదిలోకి వెళ్ళాడు. గుమాస్తాలు ముగ్గురు అప్పటికే పాత కాగితాలు ముందేసుకుని ఆరు నెలల హాజరు తిరిగి ఎక్కిస్తున్నారు. సర్వర్ నెమ్మదిగా ఉందని యజమానికి చెప్పారు.

"అంజన్నకు లెటర్ రాయాల సాబ్. మన డేటా పోయింది, అందుకే తప్పు పడిందని."

ఖలందర్ తలుపు వేసి వచ్చాడు. ఈసారి తెలుగే మాట్లాడాడు.

"రాయి. వద్దన్లేదు. ఆ లెటర్ మీద సంతకం పెట్టాల్సింది కఫీలే. డేటా ఎట్ల పోయిందంటాడు. బటన్ నొక్కింది నేను, ఒప్పుకుంటా. బటన్ చేసింది ఎవరు? కాపీల తేదీలు తారుమారు చేసింది ఎవరి ప్రోగ్రాం? మక్కాలో ఉమ్రా అయినాక కఫీల్ ఎనిమిదో తేదీకి వస్తాడు. నీ రిలీజ్ ఆయన టేబుల్ మీదనే ఉంది. ఏది ముందర పెట్టాల్నో నువ్వే చెప్పు."

దస్తగిరి ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే ఏది ముందు వెళుతుందో అతనికి తెలుసు.

ఆ తర్వాత రోజూ లెక్క వేసుకున్నాడు. ఎనిమిదిన రిలీజ్ సంతకం అవుతుంది. తొమ్మిదిన లెటర్ ఇచ్చేయవచ్చు. ఒకరోజు మిగిలే ఉంటుంది. రెండూ అవుతాయి. రేష్మాకు కూడా అలాగే చెప్పాడు.

"ఆ మనిషికి చెప్పినావా?" అంది రేష్మా.

"చూస్తున్నానని చెప్పినా."

"చూస్తా ఉంటే అయితాదా?"

ఏప్రిల్ మూడున హెస్సా లెటర్ తనే అరబ్బీలో తయారు చేసి తెచ్చింది. హిజ్రీ సంగతి, బటన్ సంగతి, అంజన్నను ఉనైజాకు మార్చిన ఉత్తర్వు నకలు, అన్నీ ఉన్నాయి. యజమాని తమ్ముడికీ సంతకం పెట్టే హక్కుంది, ఇవాళే పెట్టిద్దాం అంది. కింద వివరణ ఇచ్చినవాడిగా దస్తగిరి సంతకం కావాలి.

"ఆదివారం చేద్దాం సిస్టర్," అన్నాడు ఇంగ్లీషులో.

"ఆదివారం ఎందుకు?"

"నా కాగితం ఒకటి ఉంది."

 లెటర్ అతని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అయిదు రోజుల తర్వాత కూడా అది అతని కీబోర్డు కిందే ఉంది.

ఎనిమిదిన యజమాని వచ్చాడు. మధ్యాహ్నం రిలీజ్ మీద సంతకం పెట్టాడు, కార్మికశాఖ సైటులో ఒప్పుకుంటున్నట్టు నొక్కాడు. దస్తగిరి ఫోన్ తీసి చూసుకుంటే 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. అది పూర్తయ్యేలోగా యజమాని వెనక్కి తీసుకోవచ్చు. తొమ్మిదిన పొద్దున చూశాడు. పరిశీలనలోనే ఉంది. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి చూశాడు. హెస్సా మూడింటికి వెళుతూ అతని బల్ల దగ్గర ఆగి, కీబోర్డు కింది లెటర్ చూసి వెళ్ళింది. ఖలందర్ ఆ రోజు గదిలోంచి బయటికి రాలేదు.

పదో తేదీ పొద్దున తొమ్మిదింబావుకు అతని ఇఖామా మీద ఖర్జ్ కంపెనీ పేరు కనబడింది. తొమ్మిదిన్నరకు లెటర్ మీద సంతకం పెట్టి హెస్సాకు ఇచ్చాడు. ఆమె యజమాని తమ్ముడి చేత పెట్టించి, సైటు తెరిచి, కంప్యూటరును అతని వైపు తిప్పింది. రద్దు చేసే గడి బూడిద రంగులో ఉంది, నొక్కినా లోపలికి పోవడం లేదు.

"కోర్టు ఉంది," అంది ఆమె. "ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాది అతను బయట తిరగకూడదు."

సాయంత్రం దస్తగిరి కారులో కూర్చుని అంజన్నకు ఫోన్ చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతకుముందు చెప్పనివి కూడా చెప్పాడు: తన ప్రోగ్రాం సంగతి, హెస్సా రాసి తెచ్చినా తన కీబోర్డు కిందే ఉండిపోయిన లెటర్ సంగతి.  అవతల కోల్డ్ స్టోరేజీ మోటారు చప్పుడు వినబడుతోంది.

"ఎన్నడు దస్కత్ పెట్టినవ్ భాయ్?"

"ఈ పొద్దు."

"నిన్న పెడితే అయితుండెనా?"

"అయ్యుండేది."



"మంచిది. రేపు తర్హీల్‌ల నేనే పోయి కూసుంట. పోలీసోళ్ళు రోడ్డు మీద పట్టుకుంటే నలుగురి ముంగట ఇజ్జత్ పోతది. ఈడ రెండో నంబర్ మిషన్‌ల గ్యాస్ తక్కువుంది. ఎవలన్న రేపు పొద్దుగాల రాకుంటే ఖర్జూరం కరాబైతది. ఆఫీసుల జెప్పు."

"చెప్తా అంజన్నా. నేను చెప్తా."

"నువ్వు గాదు," అన్నాడు అంజన్న. "ఆ అరబ్బామెకు జెప్పు. ఆమె జెప్తది."